గజం లెక్కకు అందని కిరాయిదారు

మెట్రో రైలు పాతనగరానికి వస్తున్నదంటే సంతోషించని వారు మన మొహల్లాల్లో అరుదు. ఆ సంతోషం వెనుక చాలా ఏళ్ల ఎదురుచూపు ఉంది. 2017 నవంబరులో హైదరాబాదులో మెట్రో పరుగు మొదలైంది. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా వేయవలసిన మార్గం 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు వచ్చి ఆగిపోయింది. మూసీకి దక్షిణాన మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు మాత్రం కాగితాల మీదే ఉండిపోయాయి. నగరం నలుమూలలా రైలు తిరుగుతుంటే, ఆ నగరానికి పేరు తెచ్చిన చార్మినార్ ప్రాంతం మాత్రం ఆటోల పొగలో మిగిలింది. చివరకు 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు. మార్గాన్ని చాంద్రాయణగుట్ట వరకు పొడిగించి ఏడున్నర కిలోమీటర్లుగా నిర్ణయించారు.

ఈ మార్గం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్‌ల మీదుగా లాల్‌దర్వాజా పక్కనున్న హరిబౌలి, శాలిబండలకు వచ్చి, అక్కడి నుంచి శంషీర్‌గంజ్, అలియాబాద్ దాటి ఫలక్‌నుమా చేరుతుంది. రైలు స్తంభాలు నిలవాలంటే రోడ్డు వెడల్పు కావాలి. మామూలు చోట నూరడుగులు, స్టేషన్లు వచ్చే చోట నూట ఇరవై అడుగులు అన్నారు. అందుకు సుమారు 1100 ఆస్తులు పూర్తిగానో పాక్షికంగానో పోతాయని మొదట అంచనా వేశారు. పరిహారం గజానికి 81,000 రూపాయలుగా నిర్ణయించారు. దానికి తోడు కట్టడం విలువ, పునరావాస సాయం ఉంటాయని ప్రకటించారు. 2025 జనవరిలో తొలి చెక్కులు పంచారు. దారిలో ఉన్న 103 మసీదులు, ఆషూర్‌ఖానాలు, దర్గాలు, గుళ్లు, ఇతర వారసత్వ కట్టడాలకు హాని లేకుండా స్తంభాల స్థానాలు సర్దుతామని మెట్రో అధికారులు మాట ఇచ్చారు. వారసత్వ కట్టడాల విషయం ఆ ఏడాదే రాష్ట్ర హైకోర్టు దాకా వెళ్లింది. జాగ్రత్త ఎంతైనా అవసరమే.

రాళ్లను లెక్కపెట్టారు, గజాలను లెక్కపెట్టారు, ప్రార్థనా స్థలాలను ఒక్కొక్కటిగా గుర్తించారు. ఆ గోడల మధ్య కూర్చుని పని చేసుకునే మనిషిని ఎవరు లెక్కపెట్టారన్నదే ఈ నెల మేము అడగదలచిన ప్రశ్న.

పాతనగరం ఆర్థిక జీవితం గురించి రాసేవారు ముత్యాలు, గాజులు, హలీమ్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. చార్మినార్ ఫొటో పక్కన అవి అందంగానే ఉంటాయి. లాల్‌దర్వాజా మలుపు నుంచి శాలిబండ వైపు ఒక ఉదయం నడిచి చూస్తే కనిపించేది వేరు. పది గజాల మల్గిలో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ, ఆ పక్కన స్టీలు సామాను అమ్మే మార్వాడీ, మెట్ల కింద తాళాలు బాగుచేసే ముసలాయన, పై అంతస్తు వెనుక గదిలో కార్‌చోబ్ చట్రం చుట్టూ కూర్చుని జర్దోజీ పని చేసే నలుగురు యువకులు, బయట బండి మీద పండ్లు అమ్మే మనిషి అందరూ ఒకే కట్టడాన్ని ఆనుకుని బతుకుతుంటారు. కట్టడం యజమాని ఒక్కడే. ఆయన చాలాసార్లు అక్కడ ఉండడు కూడా. టోలీచౌకీకో, దుబాయికో వెళ్లి ఉంటాడు, నెలకోసారి కిరాయి వసూలుకు కొడుకునో మున్షీనో పంపుతాడు. ప్రభుత్వం దృష్టిలో అది ఒక ఆస్తి, ఒక యజమాని, ఒక చెక్కు. వాస్తవంలో ఏడెనిమిది ఇళ్లలో పొయ్యి వెలగడానికి అదే ఆధారం.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. లాల్‌దర్వాజా ప్రాంతం ఒక్క మతంవారిది కాదు. బోనాలకు పేరుపొందిన సింహవాహిని మహంకాళి ఆలయం ఇక్కడే ఉంది, నాలుగడుగుల దూరంలో మసీదులూ ఉన్నాయి. హిందూ యజమాని కింద ముస్లిం కిరాయిదారు, ముస్లిం యజమాని కింద హిందూ కిరాయిదారు తరాలుగా కలిసి బతికిన వీధులివి. రోడ్డు వెడల్పు గుర్తులు గోడల మీద పడ్డప్పుడు ఆ ఎర్ర రంగు ఎవరి పేరూ అడగలేదు. కనుక ఇది మైనారిటీ హక్కుల పత్రిక రాసే మాటే అయినా, మైనారిటీలకు మాత్రమే చెందిన మాట కాదు. అయితే ఈ దెబ్బ మనవాళ్ల మీద ఎక్కువ పడటానికి కారణం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు జిల్లా జనాభాలో ముస్లింలు 43.45 శాతం. జీతమిచ్చే ఉద్యోగాల్లో మనవారు తక్కువ, సొంత చేతిపని మీద, ఇంటి నుంచి చేసే పని మీద, చిన్న వ్యాపారం మీద ఆధారపడినవారు ఎక్కువ అని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. ముస్లిం పురుష కార్మికుల్లో నూటికి 12 మందికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారనీ, దేశం మొత్తం మీద ఆ సగటు 8 కన్నా తక్కువేననీ ఆ నివేదిక చెప్పింది. ఆస్తిపత్రం లేని బతుకుల సమస్య వచ్చినప్పుడల్లా అది మన గుమ్మం తొక్కకుండా పోదు.

"మాలిక్ సాబ్‌కు చెక్కు వచ్చిందట భాయ్, ఇంక మమ్మల్ని ఎప్పుడు లేవమంటారో" అన్నది ఇటీవల ఆ వీధుల్లో తరచుగా వినిపించే మాట. అందులో యజమాని మీద కోపం కన్నా, చట్టంలో తమకేమీ లేదన్న నమ్మకమే ఎక్కువ. ఆ నమ్మకం తప్పు. ఎంత తప్పో కొంచెం వివరంగా చెప్పాలి.

2013లో పార్లమెంటు చేసిన భూసేకరణ చట్టం పేరులోనే న్యాయమైన పరిహారంతో పాటు పునరావాసం, పునఃస్థాపన అన్న మాటలున్నాయి. 1894 నాటి బ్రిటిషు చట్టానికి తెలిసింది భూమి యజమాని ఒక్కడే. కొత్త చట్టం 'ప్రభావిత కుటుంబం' అనే మాట తెచ్చింది. భూమి లేకపోయినా, ఏ రకమైన కిరాయి హక్కుతోనైనా అక్కడ ఉన్నవారు, చేతివృత్తులవారు, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ ఆ పని మీదే ప్రధానంగా బతుకుతున్నవారు ఆ మాట కిందికి వస్తారు. పట్టణ ప్రాంతాల్లో మూడేళ్లుగా నివసిస్తున్నవారినీ, మూడేళ్లుగా ఆ స్థలం మీద ఆధారపడిన జీవనోపాధి దెబ్బతిన్నవారినీ చట్టం ప్రత్యేకంగా పేర్కొంది. జీవనోపాధి దెబ్బతినే ఎవరైనా 'సంబంధిత వ్యక్తి'యే అని మరోచోట చెప్పింది. పై పేరాలో చెప్పిన దర్జీ, తాళాల ముసలాయన, జర్దోజీ కుర్రవాళ్లు, అందరూ ఈ నిర్వచనంలో ఉన్నారు. ఆస్తిపత్రం ఉండాలని చట్టం ఎక్కడా వారిని అడగలేదు.

మరి చట్టం వారికి ఏమిస్తుంది? రెండో షెడ్యూలులో ఉంది. ప్రతి ప్రభావిత కుటుంబానికి పునఃస్థాపన భత్యంగా ఒకేసారి 50,000 రూపాయలు. చేతివృత్తిదారుకు, చిన్న వ్యాపారికి, స్వయం ఉపాధి పొందేవారికి ఒకేసారి ఇచ్చే సాయం 25,000కు తగ్గకూడదు. స్థానభ్రంశం చెందిన కుటుంబానికి ఏడాది పాటు నెలకు 3,000, సామాను తరలింపుకు 50,000. వీటన్నిటికన్నా పెద్దది ఉపాధికి సంబంధించినది. ప్రాజెక్టులో ఉద్యోగం, లేదంటే ఐదు లక్షల ఏకమొత్తం, అదీ కాకుంటే ఇరవై ఏళ్లపాటు నెలకు 2,000కు తగ్గని వార్షికం, ఈ మూడింటిలో ఒకదాన్ని కుటుంబం ఎంచుకోవచ్చు. ఈ అంకెలు 2013 నాటివి. అప్పటికీ ఇప్పటికీ శాలిబండలో మల్గి కిరాయిలు ఎంత పెరిగాయో పాఠకులకు మేము చెప్పనవసరం లేదు.

లెక్క వేసి చూద్దాం. పది గజాల మల్గికి స్థలం ధరగానే యజమానికి 8,10,000 రూపాయలు. అదే మల్గిలో ఇరవై ఏళ్లుగా మిషను తొక్కిన దర్జీకి చిన్న వ్యాపారి కింద చట్టం చూపిన కనీస సాయం 25,000. అంటే ఒక గజం ధరలో మూడో వంతుకు కూడా రాదు. మిగిలిన భత్యాలు కూడితే కొంత మేలు, ఉపాధి కింద ఐదు లక్షలు కూడా వస్తే అది ఒక కుటుంబం మళ్లీ నిలదొక్కుకునే మొత్తమే. తక్కువ అని విమర్శించవచ్చు, విమర్శించాలి కూడా. కానీ ముందు ఆ తక్కువైనా అందాలి. అది అందాలంటే ఆ మనిషి పేరు ఒక జాబితాలో ఉండాలి.

ఆ జాబితా ఎలా తయారు కావాలో చట్టమే చెప్పింది. పదహారో సెక్షను ప్రకారం పునరావాస అధికారి ప్రభావిత కుటుంబాలను సర్వే చేయాలి, జనగణన చేయాలి. భూమి లేనివారు కోల్పోయే జీవనోపాధినీ అందులో నమోదు చేయాలి. పునరావాస పథకం ముసాయిదాను స్థానికంగా ప్రచురించి, బహిరంగ విచారణ జరిపి, అభ్యంతరాలు వినాలి. స్వాధీనం ఆ తరువాతి మాట. పరిహారం మూడు నెలల్లో, పునరావాసపు డబ్బు ఆరు నెలల్లో పూర్తిగా చెల్లించిన తరువాతే కలెక్టరు భూమిని తీసుకోవాలని ముప్పై ఎనిమిదో సెక్షను అంటుంది. యజమాని సమ్మతించి సంతకం పెట్టిన చోట వ్యవహారం వేగంగా ముగుస్తుంది. అధికారికి అది సులువు, యజమానికి లాభం. ఆ వేగానికి మూల్యం చెల్లించేది సంతకం అడగబడని మూడో మనిషి. యజమాని సమ్మతి కిరాయిదారు సమ్మతి కాదు. యజమాని తన స్థలాన్ని ఇవ్వగలడు, వేరొకరి జీవనోపాధిని ఇవ్వడానికి ఆయనకు అధికారం ఎక్కడిది?

ప్రభుత్వం వైపు నుంచి ఒక జవాబు వస్తుందని మాకు తెలుసు. కిరాయి ఒప్పందాలు నోటిమాట మీద ఉంటాయి, పగడీ ఇచ్చి తీసుకున్న దుకాణాలకు సరైన కాగితం ఉండదు, నిజమైన కిరాయిదారు ఎవరో, చెక్కు పేరు విని నిన్న వచ్చి కూర్చున్నవాడెవరో తేల్చడం కష్టం అంటారు. కష్టమే. అయితే అసాధ్యం కాదు, ఎందుకంటే ఆ వివరాలు ఇప్పటికే ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. బల్దియా ప్రతి దుకాణదారు నుంచి ట్రేడ్ లైసెన్సు రుసుము వసూలు చేస్తుంది. ఆ లైసెన్సు మీద వ్యాపారి పేరు, చిరునామా, సంవత్సరం ఉంటాయి. విద్యుత్ సంస్థ దగ్గర మీటరు బిల్లులు ఉన్నాయి. బండ్లవారికి 2020 నుంచి నడిచిన పీఎం స్వనిధి రుణాల జాబితా ఉంది. మొదటి విడత పది వేలు ఇచ్చేటప్పుడు ప్రభుత్వమే ఆ మనిషిని వెతికి, ఫొటో తీసి, గుర్తింపు చూసింది. రుసుము వసూలుకు, రుణం మంజూరుకు కళ్లకు కనిపించిన మనిషి, పరిహారం పట్టిక రాసేటప్పుడు కనిపించకుండా పోవడం ఎలా సాధ్యమో మాకు అర్థం కావడం లేదు.

ఇది పట్టించుకోవలసిన మొదటి వ్యక్తి వార్డు కార్పొరేటరు. కలెక్టరుకు మొహల్లా తెలియదు, మెట్రో ఇంజనీరుకు తెలియవలసిన అవసరం లేదు, కార్పొరేటరుకు తెలుసు. దురదృష్టం ఏమంటే, 2020 డిసెంబరులో ఎన్నికైన పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరిలో తీరిపోయింది. అంతకు ముందే, 2025 డిసెంబరులో, చుట్టుపక్కల 27 పురపాలక సంస్థలను నగరపాలక సంస్థలో కలిపి వార్డులను 150 నుంచి 300 చేశారు. సరిహద్దులు మారే ఆ గందరగోళంలో తాను ఏ వార్డులో ఉన్నాడో చెప్పలేని స్థితి సామాన్యునిది. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243-యు అధికరణంలో స్పష్టంగా ఉంది. ఆ మాటకు మన నగరం ఇచ్చిన విలువ పాతవారికి గుర్తుండే ఉంటుంది. 1986లో ఎన్నికలు జరిగిన తరువాత మళ్లీ 2002 దాకా జరగలేదు. ఆ ఏళ్లలో పుట్టిన పిల్లలు హైస్కూలుకు వెళ్లేదాకా బల్దియాలో తమవాడంటూ ఒకడు లేడు. ఈసారి ఆ ఖాళీ సరిగ్గా గోడలు కూలే కాలంలో రావడం మరింత ప్రమాదం. ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలని 2020 సవరణ చెప్పింది. కనీసం ఆ కమిటీలనైనా కూర్చోబెట్టి ప్రభావిత కుటుంబాల జాబితా చదివించమని అడగవచ్చు కదా.

రోడ్డు వెడల్పు ఈ నగరానికి కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత నగరాన్ని తిరిగి కట్టడానికి 1912లో ఆరాయిషె బల్దా అనే నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు వీధులను వెడల్పు చేసింది, మురికివాడలను తొలగించింది. పత్తర్‌గట్టీ రోడ్డు అప్పటి పనే. అక్కడ గోడలు కూల్చి చేతులు దులుపుకోలేదు. వెడల్పయిన రోడ్డుకు రెండు వైపులా నల్లరాతి కమానులతో కింద దుకాణాలు, పైన నివాసాలు కట్టారు. నూరేళ్లు దాటినా ఆ కమానుల కిందే ముత్యాలు, బట్టలు, కళ్లజోళ్లు అమ్ముడవుతున్నాయి. మన పక్కనున్న మొఘల్‌పురా, సుల్తాన్‌షాహీ వంటి చోట్ల పేదల కోసం వరుస ఇళ్లు కట్టించారు. నిజాం పాలనను పొగడడానికి ఇది చెప్పడం లేదు. ఆ మల్గీలన్నీ లేచిపోయిన దుకాణదారులకే దక్కాయని అనడమూ మా ఉద్దేశం కాదు. ఓటు లేని కాలంలో, ప్రజాప్రతినిధి లేని కాలంలో కూడా రోడ్డు అంటే దాని అంచున జరిగే బేరం కూడా అని ఒక ఇంజనీరుకు తట్టింది. ఈ రోజు మెట్రో నమూనా చిత్రాల్లో స్తంభాలు, పచ్చని చెట్లు, నవ్వుతున్న ప్రయాణికులు కనిపిస్తారు. దుకాణం కనిపించదు.

స్టేషన్ల కింద, పక్కన వాణిజ్య స్థలం ఎలాగూ వస్తుంది. నగరంలో మిగిలిన చోట్ల మెట్రో సంస్థ ఆ స్థలాన్ని పెద్ద కంపెనీలకు అద్దెకిచ్చింది. పాతనగరంలో దానికి ముందు హక్కు తొలగించబడిన కిరాయిదారుకు ఉండాలి. రోడ్డుకు పోగా మిగిలిన ముక్కల స్థలాల్లో చిన్న మల్గీలు కట్టి, జాబితాలో ఉన్నవారికి మొదటి కొన్నేళ్లు నామమాత్రపు అద్దెకు ఇవ్వవచ్చు. 2022లో ముర్గీచౌక్, మీర్‌ఆలం మండి, సర్దార్ మహల్ పనులకు శంకుస్థాపన జరిగినప్పుడు పాతనగరం మార్కెట్లను బాగుచేస్తామన్నారు. ముర్గీచౌక్ వ్యాపారులను అప్పుడు కలచివేసినది కొత్త కట్టడంలో తమ గల్లా తమకే దక్కుతుందా అన్న ప్రశ్నే. ఆ ప్రశ్నకు రాతపూర్వకమైన జవాబు పని మొదలయ్యే ముందే ఉండాలి. యజమానికి నగదుకు బదులు టీడీఆర్ పత్రాలు ఇచ్చే పద్ధతి ఒకటి బల్దియాలో ఉంది. అది మాసబ్‌ట్యాంక్ బిల్డరుకు పనికొస్తుంది. దర్జీకి ఆ కాగితంతో పనిలేదు.

బండ్లవారి సంగతి ఇంకొంచెం వేరు. వారికి 2014 వీధి విక్రేతల చట్టం ఉంది. ఐదేళ్లకోసారి సర్వే జరగాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రం ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. తరలించాలంటే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో నూటికి నలభై మంది విక్రేతలే ఎన్నికై రావాలి, వారిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలని చట్టమే రాసింది. మన సంఘాలు ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని అడిగితే చాలు. అడగకుండా, బండి తీసుకుపోయిన రోజున నాయకుని ఇంటికి పరుగెత్తడం మనకు అలవాటైపోయింది.

ఈ మాట మనవైపు కూడా తిప్పుకోవాలి. పాతనగరం యజమానుల్లో మనవారు ఎందరో ఉన్నారు. ముప్పై ఏళ్లు కిరాయి తీసుకుని రసీదు ఇవ్వనివారు, చెక్కు సంగతి తెలిసిన వెంటనే పాత కిరాయిదారును ఏదో వంకతో ఖాళీ చేయించినవారు, నష్టపరిహారం చేతికి వచ్చాక పగడీ డబ్బు మాటే ఎత్తనివారు మన సఫ్‌లోనే మన పక్కన నిలబడి నమాజు చేస్తున్నారు. దీన్ని చెప్పుకోవడం కష్టమే. వక్ఫ్ మల్గీల విషయం మరీ సున్నితమైనది. వక్ఫ్ ఆస్తి సేకరణకు వచ్చినప్పుడు కలెక్టరు వక్ఫ్ బోర్డుకు నోటీసు ఇవ్వాలి, బోర్డు మూడు నెలల్లో తన వాదన వినిపించాలి. ఆ వాదనలో బోర్డు తన స్థలం ధర గురించే మాట్లాడి, ఆ మల్గీల్లో బతికే పేద కిరాయిదారుల ఊసు ఎత్తకపోతే, వక్ఫ్ అన్న మాటకు అర్థమేమిటి? ముతవల్లీలు తమ కిరాయిదారుల జాబితాను, ఎవరు ఎప్పటినుంచి ఉన్నారో రాసి, సంతకం పెట్టి కలెక్టరుకు పంపవచ్చు. అందుకు ఒక మధ్యాహ్నం చాలు. (మా పత్రిక కార్యాలయమూ కిరాయి గదిలోనే ఉంది. అందుకే కాబోలు ఈ విషయం మాకు ఇంతగా పట్టింది.)

ఇక మన ఇళ్లలోని స్త్రీల మాట. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. లాడ్‌బజార్‌లో గాజు కొనేవారు దుకాణదారునే చూస్తారు. ఆ గాజుకు ఒక్కొక్క రాయి అంటించిన చేతులు చుట్టుపక్కల మొహల్లాల వెనుక గదుల్లో ఉంటాయి. డజనుకు ఇంత అని కూలి. వారికి లైసెన్సు లేదు, మీటరు వారి పేర లేదు, కిరాయి మాట భర్త నోటి నుంచి వెళ్లింది. ఇల్లు పోతే వారికి తల దాచుకునే చోటుతో పాటు కార్ఖానా కూడా పోతుంది. దూరానికి, ఊరి చివరకు మారితే సరుకు తెచ్చిచ్చే మనిషి అక్కడిదాకా రాడు. సర్వేకు వచ్చిన ఉద్యోగి గుమ్మంలో నిలబడి ఇంటి యజమాని ఎవరని అడుగుతాడు, లోపల ఎవరేం పని చేస్తున్నారని అడగడు. అడగనప్పుడు చెప్పండి అని మా అక్కలకు, చెల్లెళ్లకు మనవి. 'ఇంటిపని' అని రాయనివ్వకండి. 'గాజుల పని, పదేళ్లుగా' అని రాయించండి.

లేచిపోయినవారు ఎక్కడికి వెళతారన్నది చిన్న ప్రశ్న కాదు. ఖాతాదారులు ఉన్న చోటును వదలలేరు కనుక, మరింత లోపలి గల్లీల్లో, మరింత ఇరుకు గదుల్లో సర్దుకుంటారు. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర ఒక పాత కట్టడంలో మంటలు లేచి 17 మంది ప్రాణాలు కోల్పోయిన ఘటనను మనం ఇంకా మరువలేదు. కింద దుకాణాలు, పైన నివాసం, లోపలికి ఇరుకైన దారి. రేపు రోడ్డు మీద నుంచి తొలగించిన వర్క్‌షాపులన్నీ అలాంటి కట్టడాల్లోకి చేరితే, ఆ బాధ్యత గోడ కూల్చిన రోజునే మొదలైనట్టు లెక్క.

కనుక ప్రభుత్వాన్ని అడుగుతున్నది ఇది. ఏడున్నర కిలోమీటర్ల దారిలో ప్రతి ఆస్తికి సంబంధించి యజమాని పేరుతో పాటు అందులో బతుకుతున్న ప్రతి కుటుంబం పేరునూ చేర్చి జాబితాను తెలుగు, ఉర్దూ భాషల్లో బల్దియా సర్కిల్ కార్యాలయం గోడకు అంటించాలి. ఇప్పటికే కూల్చిన చోట్ల నుంచి వెళ్లిపోయినవారిని ట్రేడ్ లైసెన్సు రికార్డుల ఆధారంగా వెనక్కి పిలిచి చేర్చాలి. పునరావాస సాయం ఎంతమంది యజమానులకు, ఎంతమంది కిరాయిదారులకు అందిందో విడివిడిగా ప్రకటించాలి. మెట్రో రాకను ఆపమని మేము అడగడం లేదు. ఆలస్యం చేయమనీ అడగడం లేదు. యజమానుల లెక్క తేల్చడానికి పట్టిన శ్రద్ధలో సగం పెడితే ఈ లెక్క తేలుతుంది.

మన చేతిలో ఉన్నది కూడా చెప్పుకుందాం. కిరాయిదారులు ఈ వారంలోనే ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక సంచిలో చేర్చాలి. పాత ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లు, కిరాయి కట్టిన ఫోన్‌పే వివరాలు, దుకాణం చిరునామా ఉన్న హోల్‌సేల్ బిల్లులు, పిల్లల స్కూలు రికార్డులో చిరునామా, దుకాణం ముందు దిగిన పాత పెళ్లి ఊరేగింపు ఫొటో అయినా సరే. యజమాని రసీదు లేకపోతే పొరుగు దుకాణదారులిద్దరి వాంగ్మూలం రాయించుకోవాలి. ఒక తెల్లకాగితం మీద తాను ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నాడో, ఏం పని చేస్తున్నాడో, ఇంట్లో ఎంతమందో రాసి, ప్రభావిత కుటుంబంగా నమోదు చేయమని కోరుతూ హైదరాబాదు కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర లేకుండా వెనుదిరగకండి. మొహల్లా కమిటీలు, మసీదు కమిటీలు శుక్రవారం నమాజు తరువాత ఒక బల్ల వేసి, చదువుకున్న ఇద్దరు కుర్రవాళ్లను కూర్చోబెడితే ఒక మధ్యాహ్నంలో ఒక గల్లీ దరఖాస్తులు పూర్తవుతాయి. ఆ బల్ల దగ్గరికి వచ్చే హిందూ సోదరుల దరఖాస్తులు కూడా వారే రాయాలి.

అవార్డు ప్రకటించిన తరువాత కూడా దారి మూసుకుపోదు. పునరావాస హక్కు గురించి గానీ, పరిహారాన్ని ఎవరెవరికి ఎలా పంచాలన్న దాని గురించి గానీ అభ్యంతరం ఉంటే, విషయాన్ని భూసేకరణ ప్రాధికారానికి పంపమని అరవై నాలుగో సెక్షను కింద కలెక్టరును రాతపూర్వకంగా కోరవచ్చు. అవార్డు ప్రకటించినప్పుడు అక్కడ ఉన్నవారికి గడువు ఆరు వారాలు. నోటీసు అందినవారికి అది అందిన నాటి నుంచి ఆరు వారాలు. ఏదీ తెలియనివారికి అవార్డు నాటి నుంచి ఆరు నెలలు. సరైన కారణం చూపితే ఆ పైన మరో ఏడాది లోపు కూడా కలెక్టరు దరఖాస్తును తీసుకోవచ్చు. 2025 జనవరిలో తొలి చెక్కులు అందిన కట్టడాల్లోని కిరాయిదారులు తమ తేదీలను ఈ రోజే చూసుకోవాలి.